ఇది కాదు

ఉలాన్‌బాతర్‌లో ఈ ఉదయం మైనస్ ముప్పై ఒకటి.
బొగ్గు పొగ కిటికీ అద్దాన్ని పట్టుకు వదలడం లేదు.
లోపల నేనొక పసివాణ్ని చల్లబరుస్తున్నాను.

పేరు ఎనెబిష్. మా భాషలో, ఇది కాదు అని.
ముందు పుట్టిన ఇద్దరూ దక్కక
మూడోవాడికి తల్లి పెట్టుకున్న పేరు.
వెతుక్కుంటూ వచ్చేది ఏదైనా సరే
గుడారం గుమ్మంలో పేరు విని
ఇది కాదట, అనుకుని మళ్ళిపోవాలని.

నాలుగు కిలోల రెండు వందల గ్రాములు.
ఒంట్లో నెత్తురంతా కలిపినా
మేం ఉప్పు వేసి తాగే పాల టీ, గిన్నెన్నర.
నా యంత్రం గొట్టాలు తడవడానికే
అందులో ముప్పాతిక వంతు కావాలి.
అందుకే నిన్న రాత్రి గొట్టాలు మూరెడు కత్తిరించాను,
పంపును మంచానికి ఆనించాను,
ఎవరో ఇచ్చిన నెత్తుటిని కడిగి, వెచ్చబెట్టి, నింపి,
వేలితో తట్టి తట్టి బుడగల్ని వెళ్ళగొట్టాను.
ఆవగింజంత గాలి చాలు,
రేపు వాడు తల్లిని గుర్తుపట్టడు.

"కానియ్ దుల్మా" అన్నాడు డాక్టర్ గల్సందోర్జ్.
నల్లగా వచ్చింది. ఎర్రగా వెళ్ళింది.
ముప్పై నాలుగు. ముప్పై ఒకటి. ఇరవై ఎనిమిది.
మహాధమనికి క్లాంపు పడింది.
గుండె ఆగింది.
ఊపిరితిత్తులు తడిసిన మేజోళ్ళలా పడి ఉన్నాయి.

ఇప్పుడు వాడెక్కడున్నాడంటే
నా కుడిచేతి కింద, ఈ మీట దగ్గర.
డబ్బా అడుగున వేలెడు నెత్తురు,
దాని మీంచి కన్ను తీయను.
తుమ్మొస్తే మింగుతాను.
నర్సు సోలొంగో వంగి చూసి
"మూత్రం వచ్చిందక్కా, మూడు చుక్కలు" అంటే
జీతం పెరిగినంత సంబరం.

చీకట్లో బయటికి తెచ్చే పిల్లలకి
నుదుట మసి పూస్తాం మేము.
పొద్దున అది స్పిరిట్‌తో తుడిచేశారు.
నేను సియోల్‌లో రెండేళ్ళు చదువుకున్నదాన్ని.
అయినా ఆ తొంభై నాలుగు నిమిషాలూ
మాస్కు లోపల నా పెదవులు ఆడుతూనే ఉన్నాయి:
ఇది కాదు, ఇది కాదు.

వెచ్చబెట్టడం మొదలెట్టాను, పాలు కాచినట్టు,
పక్కకి తిరగకుండా.
క్లాంపు తీశారు. గుండె వణికింది.
కాసేపు ఏమీ లేదు.
తర్వాత తనంతట తనే కొట్టుకుంది, ఎవరి మీదో అలిగినట్టు.
నాలుగు వందలు, రెండు వందలు, యాభై,
ఆపేశాను.
గొట్టాల్లో మిగిలింది చెంచా చెంచాగా వాడికే తిరిగిచ్చాను.

ఆసుపత్రి మెట్ల మీద తల్లి ఆకాశానికి చిలకరించిన పాలు
పడ్డచోటే గడ్డకట్టి ఉన్నాయి.
"అక్కడ మీరేం చేస్తారు?" అని అడిగింది.
"పట్టుకుని కూచుంటాను" అన్నాను.
తలూపింది.
ఆమె బొటనవేలికి అప్పటికే మసి ఉంది.