వెంట్రుక మందం

నీళ్లు దిగిన మూడో రోజు
సంచి మూతి విప్పితే
ఉలీ బరమా రంపమూ అన్నీ కలిసి
ఒకే బురద ముద్ద.
అందులోంచి అరచేతి చిత్రికని
కప్పని పట్టుకున్నట్టు బయటికి లాగాను.

వన్‌టౌన్‌ పాతినప కొట్లో తూకానికి కొన్నదిది,
ముప్పావు కిలోకి కాస్త తక్కువ తూగింది.
పెద్ద చిత్రికకి రెండు చేతులూ ఒక నడుమూ కావాలి.
దీనికి ఒక్క చెయ్యి చాలు,
రెండో చేత్తో తలుపు పట్టుకోవచ్చు.

తుప్పు.
కిరసనాయిలు ఈ రోజుల్లో ఎవరి దగ్గరుంది?
ఆటో ఖాసింపీరా సీసా అడుగున ఇంత డీజిల్‌ పోసిచ్చాడు.
రాత్రంతా నానబెట్టాను.
నానిందాన్ని మళ్లీ నానబెట్టడమేంటని
మా ఆవిడ నవ్వింది.
వరదొచ్చాక అదే మొదటి నవ్వు.

పగిలిన బీరువా అద్దం నేల మీద పరిచి
దాని మీద గరుకు కాగితం.
చిత్రిక అడుగున పెన్సిలు గీతలు అడ్డదిడ్డంగా గీసి
రుద్దుతూ పోయాను.
అంచుల్లో చెరిగాయి, మధ్యలో చెరగలేదు.
గుంట!
ఇరవయ్యేళ్లు వాడాను దీన్ని,
చెక్క మీద నెపం వేసిన రోజులన్నీ గుర్తొచ్చాయి.
మళ్లీ గీత, మళ్లీ రుద్దు.
చివరి గీత పోయేసరికి
ఆ ఇనుములో మసగ్గా సీలింగు ఫ్యాను,
కరెంటు రాక, కదలకుండా.

బ్లేడు సంగతి వేరే.
సానరాయి మీద నీళ్లు చిలకరించాలి.
నీళ్లు అనుకోగానే చెయ్యి ఆగింది,
సీసా మూతతో కొలిచి పోశాను.
మణికట్టు బిగించి, వాలు తప్పకుండా,
ముందుకీ వెనక్కీ.
వీరాచారి మేస్త్రి అనేవాడు
"పదును కంటికి దొరకదురా, వెనకవైపు బొటనవేలు పెట్టు,
వెంట్రుకలా తగిలిందా?
అది రాలిపోగా మిగిలేదే పదును."
పాత బెల్టు తోలు మీద లాగి రాల్చాను.
ముంజేతి మీద రెండంగుళాలు నున్నగా అయింది.

నోటి సందు బిగించాను,
నోరు పెద్దదైతే చెక్క చిరుగుతుంది.
ఆ చీకటి రాత్రుల్లో మిగిలిన కొవ్వొత్తి ముక్కతో
అడుగున ఒక్క గీత.

ఇక సింగ్‌నగర్లో తలుపులన్నీ నావే.
ఫ్లష్‌ డోర్లు పొరలు పొరలుగా విచ్చుకున్నాయి,
వాటికి దండం పెట్టి వచ్చేశాను.
మిగతావి ఉబ్బి, ద్వారబంధంలోకి రానంటున్నాయి.
నారల నిండా బుడమేటి ఇసుక,
తలుపుకో గంటు పెడుతోంది బ్లేడుకి,
తలుపుకి మూడు సార్లు సాన.

సువార్తమ్మది వేప తలుపు.
"గ్యాస్‌ బండ ఆనించి పడుకుంటున్నా నాంచారయ్యా,
ఇంకాస్త తియ్యి."
వెంట్రుక మందం తీసి, మూసి చూస్తాను.
తీసి, మూసి.
చెక్క ఇప్పుడు నీళ్లు తాగి ఉంది,
ఎండలొస్తే మళ్లీ తన కొలతకి తను వస్తుంది.
ఆమె అడిగినంతా తీస్తే
వేసవికి సందులోంచి వీధి కనిపిస్తుంది.
తియ్యకపోతే ఈ రాత్రికి నిద్ర లేదు.
ఏ మూలమట్టం చెబుతుంది ఈ లెక్క?
"ఇంకాస్త" అంది మళ్లీ.

మూల దగ్గర చివర నుంచి లోపలికే తొయ్యాలి,
లేకపోతే పెళ్లున లేస్తుంది.
మొదట తడి కాగితం ముక్కల్లా రాలిన పొట్టు
ఏడో తోపుకి
తలుపు పొడుగునా ఒకే చుట్టగా లేచింది.
సువార్తమ్మ వంగి తీసుకుని వాసన చూసింది.
"వేపే" అంది.
"ఇల్లంతా బురద వాసనేగా, మర్చిపోయా."

గొళ్లెం పడింది.
ఆమె తీసి, మళ్లీ వేసింది.
మళ్లీ తీసింది.
ఎండి బిరుసెక్కిన నోట్లు
ఒక్కొక్కటీ విడదీసి ఇచ్చింది.

రోహిణికార్తెలో అటు వెళ్తూ ఆగి
సందులో రూపాయి బిళ్ల పెట్టి చూశాను.
దూరింది.
పది రూపాయల బిళ్లా దూరింది.
రెండు తోపులు ఎక్కువయ్యాయి ఆ రోజు.
బద్ద కొట్టి సరిచేద్దామని సంచి దించుతుంటే
లోపల్నుంచి "ఎవరదీ" అంది సువార్తమ్మ.
గొళ్లెం తీస్తున్న చప్పుడు.