తరుగు

ఒక్క కమాండు కొట్టిన.
పేరడిగింది. ఎనుమాముల మిర్చి, అని రాసిన.
రాసేదెవరంటే నా పేరు ఇచ్చిన.
రెప్పపాటుల పద్నాలుగు ఫోల్డర్లు,
సీజన్‌కు ముందు యార్డు షెడ్డుల
మడత విప్పని గోనె సంచుల లెక్క
ఖాళీగ, వరుసగ.

ఎవరో ఎక్కడో ఆలోచించి పెట్టిన్రు:
ముడి లెక్కలు ఇండ్ల పొయ్యాలె,
చెరిగినవి అండ్ల.
ముడిదాన్ని ముట్టొద్దని
మొదటి ఫైల్లనే హెచ్చరిక.

ముట్టలే.
దడ్వాయి కొమురెల్లి రాసిచ్చిన తక్‌పట్టీలు
ఒక్కొక్కటి చూసి ఎక్కించిన,
కారం వేళ్లు కండ్లకు తాకకుంట.
చపాట, నలభై రెండు కిలోలు.
తేజ, ముప్పై తొమ్మిది.
అన్నీ నిండు అంకెలే.

"గ్రాములేవి కాకా?" అన్న.
నవ్విండు.
"గవి తరుగు కింద పోయినయ్ బిడ్డా.
బస్తాకు ఇంత అని
కాంటా మీదనే కోసినంక
రాస్త నేను."

రాత్రి పన్నెండు. హన్మకొండ గదిల
ఫ్యాను, నేను, పద్నాలుగు ఫోల్డర్లు.
ముడి అనుకున్నది
నా దాక వచ్చేసరికే
చెరిగి వచ్చింది.

పదిహేనోది ఒకటి చేసిన.
తరుగు అని పేరు పెట్టిన.
అండ్ల ఏం పొయ్యాల్నో
ఇంక తెల్వదు.
కొమురెల్లిని మళ్ల అడగాలె,
ఈసారి కాంటకాడ,
రాయకముందు.