చిట్టెం

గుణుపురంలో రైలుపట్టాల అవతల
మా కొలిమి షెడ్డుకి బోర్డు లేదు.
లారీ దింపేవి పాత బ్యాటరీలు,
కాల్చిన మోటారు తీగలు, అడుగు పోయిన బిందెలు.
ఒక బిందె మెడ మీద చుక్కలతో పొడిచిన పేరు:
పారమ్మ, 1962.

బొనొమాలి ఒడియాలో తిడతాడు,
తెలుగులో నేర్పుతాడు.
"మంట తగ్గించరా సూరిగా.
సీసం సల్లారతంటే లోపలున్న రాగి దానంతటదే తేల్తాది.
మొండిగా మిగిలినదానికి గంధకం."

గుప్పెడు జల్లి కలియబెడితే
దీపావళి మర్నాటి వీధి వాసన.
నల్లపొడి పైకొస్తుంది,
చిల్లుల గరిటెతో దేవుతాం.
సురేకారానికి తగరమూ నీలాంజనమూ ముద్దకట్టి లేస్తాయి.
ఆఖర్న తుత్తునాగం వేస్తే
కడుపులో దాచుకున్న పిసరంత వెండిని కూడా
కక్కేస్తుంది సీసం.
పాపం, దానికి రహస్యాలు నిలవవు.

రాగి అలా కాదు.
ఇసక చల్లి, గాలి కొట్టి
ఇనుమును కాల్చి వెళ్ళగొట్టేలోపు
ఆ గాలిని తనే తాగేస్తుంది.
మలినం పోయిన చోట
పెళుసు వచ్చి కూర్చుంటుంది.

అప్పుడు పచ్చికర్ర కావాలి.
వంశధార గట్టున అప్పుడే నరికిన కానుగ కొమ్మ,
ఆకు ఇంకా వాడనిది.
మూసలో గుచ్చితే రాగి కుతకుతలాడి
పశువులా రంకె వేస్తుంది.
చెట్టు తన చివరి తడి ఇచ్చి
గాలిని వెనక్కి లాక్కుంటుంది.

గరిటెడు పోసి ఆరబెట్టి చూస్తాడు బొనొమాలి.
బిళ్ళ ముఖం గుంటపడితే, ఇంకా.
ఉబ్బితే, ఎక్కువైంది.
సన్నటి ముడతలతో చదునుగా నిలిస్తే
"హెలా" అంటాడు.
అంతే, ఆ పూటకి అంతకు మించి మాట ఉండదు.

పారమ్మ పేరు ఏ తెట్టులో పోయిందో
నేను చూళ్ళేదు.

మొన్న అతని చేతిలో గరిటె జారింది.
మణికట్టు తడిగుడ్డలా వేలాడింది.
బరంపురం డాక్టరు పెదవి ఎత్తి చూసి
నెత్తుట్లో సీసం ఎంతుందో
కాగితమ్మీద అంకె వేసిచ్చాడు.

"మందు లేదా?"
"ఉందట. సూదులు. కటకంలో.
ముందు కొలిమి మానాలట."
నవ్వాడు.
చిగుళ్ళ మీద సన్నటి నీలిగీత
అప్పుడు కనబడింది నాకు.

పదేళ్ళు అతని పక్కనే నిలబడి
ఏది ఎప్పుడు పైకి తేలుతుందో
కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాణ్ణి.

బయట లారీ సరుకు దింపుతోంది.
దాని పక్కద్దంలో
పెదవి ఎత్తి చూసుకోబోయాను.
అద్దమంతా మసి.
వేలితో తుడిచాను.
వేలికీ మసే.