గురువారం కీర్తన

మా నాన్న మేకతోలు మీద రాసిచ్చిన దావీదు
తోలుసంచిలో, గుడిసె నడిమి గుంజకు వేలాడుతుంటుంది.
నాకు అక్షరాలు దిద్దించిందీ దాని మీదే.
వారం తిరిగేసరికి కీర్తనలన్నీ చదివేయాలి,
చోకే కొండల్లో అదే లెక్క.
పొయ్యి రాజేయకముందే, పెదవులు మాత్రం కదిలిస్తూ చదువుతాను.
ఏ పుటలో మైనపు మరక ఉందో చీకట్లోనైనా నా వేళ్ళకు తెలుసు.

ఒప్పుకుంటున్నాను,
గురువారం కోసం ఎదురుచూసేదాన్ని.
ఆ రోజు భాగం చివర్లో శాపాల కీర్తన వస్తుంది.
ఇంటినీ, పేరునీ, పిల్లల పిల్లలనీ
ఒక్కటీ వదలకుండా దులిపేసే కీర్తన.
రెండేళ్ళుగా అందులో "వాడు" అన్న చోటల్లా
తాసెవ్ అని చదువుకున్నాను.

మా ఇంటాయన పోయిన వానల్లో
గట్టురాయిని మూరెడు ఇవతలికి జరిపాడు తాసెవ్.
మూరెడే.
కానీ పొలం పొడవునా మూరెడంటే ఏడు కుంచాల టెఫ్.
పెద్దమనుషులు వచ్చి కూర్చుని, మూడు వాయిల కాఫీ తాగి,
"రాయి కదిలిందో నేల కదిలిందో దేవుడికే తెలియాలి" అని
దుప్పట్లు దులుపుకుని లేచిపోయారు.
అందుకే దేవుడికే చెప్పాను. ప్రతి గురువారం చెప్పాను.
"కన్నీళ్ళ కీర్తనలు చదువుకో యిర్గెడూ, మనసు తేలికవుతుంది"
అన్నాడు గుడి పూజారి.
అవీ చదువుతున్నాను అయ్యా, వాడు ఏడవాలని.

మొన్న గురువారం ఆవు తాడు తెంపుకుంది.
నీలగిరి చెట్ల మధ్య పొగమంచులో దాని గంట వెంబడే పోయి పోయి
తాసెవ్ గుడిసె వెనక తేలాను.
లోపల వాడు చదువుతున్నాడు.
కూడబలుక్కుంటూ, రాళ్ళల్లో నాగలి దున్నినట్టు.
ఆ కీర్తనే.
"వాడు" అన్న చోట ఆగాడు. ఊపిరి పీల్చుకున్నాడు.
యిర్గెడు, అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు.
వాన ముందటి వేసవి గుర్తొచ్చింది.
పైనున్న ఊటనీళ్ళు వాడి యవల చేనికి పోకుండా
మా ఇంటాయన రాత్రికి రాత్రే కాలువ మళ్ళించాడు.
ఆ ఏడు వాడి చేను నిలువునా ఎండింది, కంచరగాడిద అమ్ముకున్నాడు.
మళ్ళించింది ఆయనే.
మట్టి మోసిన తట్ట మాత్రం నాది.

ఆవు మెడ మీద చెయ్యేసి అలాగే నిలబడిపోయాను.
ఒకే శాపం, ఒకే పొద్దున, రెండు గుమ్మాల్లోంచి లేచి
ఒకే చెవికి చేరుతోంది ఇన్నాళ్ళూ.
ఆ చెవి ఎంత అలసిపోయి ఉంటుందో!

శనివారం భాగంలో ఒక కీర్తన ఉంది,
నా లోపలంతా వెదికి చూడు అని ఆయన్నే పిలిచేది.
ఇంగువ మింగినట్టు గబగబా దాటేసేదాన్ని దాన్ని.
ఈసారి దాటలేకపోయాను.
వేలు అక్కడే ఆగింది. పొయ్యి ఆరిపోయింది. మళ్ళీ రాజేయలేదు.
పార భుజానేసుకుని ఊట దగ్గరికెళ్ళాను.
రెండేళ్ళ మట్టి, వేళ్ళు పట్టి రాయిలా బిగిసింది.
మధ్యాహ్నానికి నీళ్ళు తోవ వెతుక్కుంటూ కిందికి దిగాయి,
ముందు బురదగా, తర్వాత తేటగా.
తాసెవ్ గట్టు మీద నిలబడి చూశాడు.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
రాయి ఇంకా అక్కడే ఉంది, మూరెడు ఇవతల.

ఇవాళ గురువారం.
శాపాల కీర్తన వదిలేయలేదు.
నాన్న రెల్లుకలంతో ఒక్కో అక్షరం కూర్చుని రాశాడు,
వదిలేయడానికి నేనెవర్ని?
"వాడు" అన్న చోట మాత్రం ఊపిరంత ఖాళీ వదిలి ముందుకెళ్ళాను.
అందులో ఎవర్ని నిలబెట్టాలో ఆయన చూసుకుంటాడు.

ఆ గుడిసెలో ఇప్పుడు ఎవరి పేరు పలుకుతున్నారో తెలియదు.
వెళ్ళి వినాలని లేదు.
ఆవు తాడు రెండు ముళ్ళేసి కడుతున్నాను.