కాడలు

ఫ్లెన్స్‌బుర్గ్ రేవులో పొద్దు
పడవల తాళ్ళ మీద ఇంకా ఒళ్ళు విరుచుకుంటోంది.
వీబ్కె అప్పటికే ఏడో చెంచా రుచి చూసి
ఇత్తడి గిన్నెలోకి ఉమ్మేసింది.
రుచి చెప్పేవాళ్ళు మింగరు.
మింగితే మధ్యాహ్నానికల్లా
నాలుక మొహమాటపడుతుందట.

ఈ ఊళ్ళో వేసవి భోజనం చివర
గాజుగిన్నెలో ఎర్రగా వణికేదొకటి వస్తుంది,
రోటె గ్రుట్సె.
రెడ్ కరెంట్లూ కోరిందపళ్ళూ పుల్లచెర్రీలూ
గంజిపొడితో ఉడికి, చిక్కబడి, చల్లారి,
నడుమ వెనీలా పాలు మడుగు కట్టి.
దాన్ని టీ చెయ్యమన్నారు.
తినేదాన్ని తాగించమన్నారు,
పంచదార లేకుండా, గంజి లేకుండా,
గిన్నె అడుగు గీరే చిన్నప్పటి వేలు లేకుండా.

సంచుల మూతులు విప్పింది.
మొదట ఎరుపు.
అట్ట మీద మందారమని రాశారు గానీ
అది మన ఎర్రగోంగూర కాయకుండే తొడుగు.
సూడాన్‌లో ఏ ఆడమనిషో
గోటితో కాయ ఒలిచి పక్కన పడేసి
తొడుగు ఎండకి పరిచింది.
ఆ గోటి ఎరుపే ఇక్కడ వేణ్ణీళ్ళలో విడుస్తోంది.
చిలీ కొండవాలు నుంచి అడవిగులాబీ కాయ,
లోపలి నూగుదురద దులిపించుకుని వచ్చింది.
నలుపు తిరగడానికి ఎల్డర్ పళ్ళు.
ఇక ఆపిల్ ముక్కలు.
సగం సంచీ వాటిదే, పేరెవరూ ఎత్తరు,
పెళ్ళిలో వంటవాళ్ళలాగా.

వెనీలా సంగతి వేరు.
ఆ తీగపువ్వు ఒక్క పూటే తెరుచుకుంటుంది.
మడగాస్కర్ తేనెటీగకి దాని గడియ తియ్యడం రాదు.
మనిషే వెళ్ళాలి, తెల్లారగట్ల,
ముల్లుతో ఆ సన్నపొర ఎత్తి
బొటనవేలితో పుప్పొడి అద్దాలి,
ఒక్కో పువ్వుకీ, ఒక్కో పువ్వుకీ.
తొమ్మిది నెలల తరవాత కాయ. అప్పటికీ వాసన లేదు.
కంబళ్ళలో చుట్టి చెమట పట్టిస్తే, ఎండబెడితే,
అప్పుడు.
ఇంతా చేసి వీబ్కె వేసింది చిటికెడు.

శనివారం సంతకి చెర్రీలు తెచ్చే గేషె
బండి బయట ఆపి లోపలికొచ్చింది.
ఒక గుక్క తాగింది. మింగింది.
"బాగుంది. గ్రుట్సె కాదు.
ఇందులో గింజేదీ?"
వాళ్ళింట్లో నాలుగు గింజలు చితగ్గొట్టి
గుడ్డలో మూటగట్టి ఉడుకులో వేలాడేసేవారట.
"తీపి మాట్లాడుతుంటే
వెనకాల ఒక చేదు ఊఁ కొట్టాలమ్మాయ్."

చెర్రీగింజలో పిసరంత విషముంటుంది.
అంగట్లో అమ్మేదాంట్లో అది కుదరదు.
ఆ మాట చెప్పలేక
వీబ్కె గేషె వెనకాలే ఆమె తోటకి నడిచింది,
చేతులు జేబుల్లో పెట్టుకుని,
ఏం వెతుకుతోందో తనకే తెలీకుండా.

కొట్టం మూల
ఎరువుగుంటకి పోవాల్సిన కుప్ప ఒకటి,
చెర్రీల కాడలు,
పచ్చగా, సన్నగా, పళ్ళని ఇన్నాళ్ళూ పట్టుకుని
చివరికి చేతులు ఖాళీ అయినవి.
ఒకటి నోట్లో వేసుకుని నమిలింది.
వగరు. కొంచెం కర్ర. ఆ కర్ర వెనకాల, దూరంగా,
ఊఁ.

ఎండబెట్టింది. గోరంత ముక్కలు చేసింది.
మొదటిసారి ఎక్కువై
తడిసిన చీపురు వాసనొచ్చింది.
రెండోసారి గోంగూర తొడుగు మింగేసింది.
పదకొండోసారి పుస్తకంలో ఏమీ రాయలేదు,
కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది.
ఉమ్మెయ్యడం మర్చిపోయింది.

అమ్మకానికొచ్చిన డబ్బా మీద
మంచుబిందువులతో చెర్రీ జత బొమ్మ ఉంది.
వెనకవైపు, చిన్నక్షరాల్లో, అన్నిటికన్నా చివర
కాడలు.

గేషె కప్పు ఖాళీ చేసి
ఏమీ అనలేదు చాలాసేపు.
వేలు లోపల పెట్టి అడుగు ఒకసారి గీరింది,
అక్కడేమీ లేకపోయినా.
తరవాత గొంతు సవరించుకుంది.
"ఇంతకీ, కిలో ఎంతకి కొంటావు
మా కాడలు?"