పారబోయమని చెప్పే ఉద్యోగం

శుక్రవారం పొద్దున ఏడింటికి
ఉరవకొండ మగ్గాల వీధిలో నన్ను చూసి
తలుపులు దగ్గరికేసుకుంటారు.
అప్పులవాడికీ నాకూ తేడా
నా భుజాన వేలాడే సంచి ఒక్కటే.

"ఎనిమిద్దినాలకొకసారి ఇడుస్తారు సామీ కొళాయి,
అదీ నడిజామున.
నిద్ర చెడగొట్టుకొని పట్టుకున్న నీళ్లు
నువ్వొచ్చి పారబోయమంటావు.
మీ నాయన పుట్టింది ఈ సీమలోనేనా?"
ఉచ్చీరమ్మ తొట్టి మీద చెయ్యేసి నిలబడింది,
పసిబిడ్డ నెత్తి మీద వేసినట్టు.

టార్చి వేశాను.
బండరాతి తొట్టిలో, నీటి పైపొరకు ఆనుకొని
అడ్డంగా పడుకున్నాయి,
ఎవరో రాయబోయి మానేసిన కామాల్లాగా.
తలకిందులుగా వేలాడేవైతే వేరే దోమ.
ఇవి అవే.

మా నాయన పుట్టింది ఇక్కడే, ఉచ్చీరమ్మా.
పిచికారీ పంపన్న అంటే ముసలోళ్లకు తెలుసు.
మందు కొట్టిన ప్రతి గోడ మీదా
ఎర్రమట్టితో తేదీ రాసేవాడు.
నల్లులు చచ్చాయని ఒకింట్లో మజ్జిగ,
పిల్లి చచ్చిందని పక్కింట్లో తిట్లు.
ఎక్కడో సముద్రాల అవతల పెద్దలు చెప్పారట,
ఇంకో పదేళ్లకు ఈ జరం భూమ్మీద ఉండదని.
నాయన నమ్మాడు.
"ఈ పని నా కొడుక్కి మిగలదు" అని
సంబరంగా అందరికీ చెప్పుకున్నాడు.

మిగిలింది.

వేలి కొసన సూది.
ఒక చుక్క దట్టంగా, ఒక చుక్క పల్చగా
గాజు పలక మీద ఆరుతుంది.
ఆసుపత్రి వెనక గదిలో మాబున్నీ మేడం
మెడ పట్టేసేదాకా వంగి చూసి
రిజిస్టర్లో రాస్తుంది: లేదు.
కింద గడిలో: లేదు. లేదు.
వాన లేదు, సెనిక్కాయకు ధర లేదు,
బీమా డబ్బులు పడలేదు అనే ఈ జిల్లాలో
ఆ మాటను సంతోషంగా రాసే మనిషి
ఆమె ఒక్కతే.

లేదులన్నీ కూడితే సున్నా.
సున్నా అనంతపురం పోతుంది,
విజయవాడ పోతుంది, ఢిల్లీలో ఒక రాత్రి పడుకొని
జెనీవాకు విమానమెక్కుతుంది.
అక్కడెవరో ఒకామె ప్రపంచ పటం ముందర కూర్చొని
జరమున్న చోట ఎరుపు,
పోయిన చోట లేతాకుపచ్చ వేస్తుందట.
నేనెప్పుడూ చూళ్లేదు.
ఆ పటంలో మా ఊరు చీమ కంటి పాటి కూడా ఉండదనుకుంటాను.

ఈ నెల సున్నా తప్పింది.
మంగళూరులో సెంట్రింగు పనికి పోయిన ఎర్రిస్వామి
వణుకుతూ బస్సు దిగాడు, రెండు దుప్పట్లు చాలక
గోనెసంచి కప్పుకొని.
పద్నాలుగు దినాలు మాత్రలు.
నాలుగో దినానికే
"జరం పోయింది గదన్నా, ఇంకెందుకు?" అన్నాడు.
పోలేదబ్బీ.
నీ కాలేయంలో ముసుగుతన్ని పడుకుంది.
నీకు మళ్లీ కూలి దొరికిన రోజు చూసుకొని లేస్తుంది.

అందుకే రోజూ సాయంత్రం
వాడి గడప కాడ నిలబడతాను.
వాడు తినేదాకా, మింగేదాకా,
నాలుక ఎత్తి చూపించేదాకా.
వాళ్లవ్వ నన్ను చూసి నవ్వుతుంది,
"పెండ్లికూతురి తమ్ముడి మాదిరి కాపలా ఏందిరా" అని.

పోయిన శుక్రవారం ఉచ్చీరమ్మ
తలుపు వేయలేదు.
"పారబోయను. వడబోస్తా" అంది.
పోగు తప్పిందని షావుకారు వెనక్కి పంపిన చీర
నాలుగు మడతలు వేసి
బిందె బిందె వడగట్టి, తొట్టి అడుగు గరుకుగా తోమి,
నీళ్లు మళ్లీ పోసి,
ఆ చీరతోనే మూతి బిగించి కట్టింది.
పదిహేను దినాల మగ్గం, ఎర్రంచు, జరీ బుటా.
చుక్క కూడా నేలపాలు కాలేదు.
అలాంటి మూత ఏ ప్రభుత్వమూ ఇవ్వలేదు.
నా సంచిలోని కాగితంలో
దానికి గడి లేదు.

రంగు వేసే అమ్మా,
నీ పేరు నాకు తెలీదు.
కుంచె తిప్పుకుంటూ మా చుక్క కాడికి వచ్చినప్పుడు
కాసేపు ఆగు.
ఎర్రిస్వామికి ఇంకా
మూడు దినాల మాత్రలున్నాయి.