ఛార్జింగ్ పోర్టులో ఉప్పు

జగదాంబ జంక్షన్ దగ్గర మెట్ల కింద
నాలుగడుగుల కొట్టు నాది.
ఒక భూతద్దం, ఒక హీట్ గన్ను, పాత టూత్‌బ్రష్‌లు మూడు,
విండోస్ సెవెన్ దగ్గరే ఆగిపోయిన కంప్యూటరొకటి.
ఈ ఊళ్లో ఫోన్లు పాడవవు, తుప్పు పడతాయి.
సముద్రం ఎవరినీ అడక్కుండా
ఛార్జింగ్ పోర్టుల్లోకి వచ్చి కూచుంటుంది.

అందుకని ముందే చెప్తున్నా:
బీచ్ రోడ్డులో సెల్ఫీ దిగాక
జేబులో వేసుకునే ముందు పొడిగుడ్డతో తుడవండి.
పిన్నీసుతో కెలక్కండి.
పిన్ను సగమే ఎక్కుతోందంటే తప్పు ఛార్జర్‌ది కాదు,
లోపల మీ జేబు నూలే ఉండ కట్టి ఉంటుంది.
మొన్న ఒకాయన పోర్టులోంచి
మురీ మిక్చర్ పలుకొకటి తీశాను.
ఆయన దాన్ని గుర్తుపట్టాడు కూడా.

కంచరపాలెం పరదేశమ్మగారి ఫోన్ నిండిపోయింది.
చూస్తే నాలుగువేల చిల్లర శుభోదయాలు,
గులాబీలు, పొగలు కక్కే కాఫీ కప్పులు.
"అన్నీ ఒకేసారి తీసేద్దామా?" అన్నాను.
ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.
"పొద్దున్నే లెగిసి దీవించినోళ్లవి తీసెత్తారేటమ్మా?"
సెట్టింగుల్లో ఎంత వెతికినా దీనికి జవాబు లేదు.
ఆటో డౌన్‌లోడ్ మాత్రం ఆపేశాను.
ఇక నుంచి దీవెనలు మసగ్గా వస్తాయి,
వేలు పెడితేనే తేటపడతాయి.
"తలుపు కొట్టి వొచ్చినట్టుంది" అని మురిసిపోయింది.

స్టీల్‌ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన దాలినాయుడుగారు
నెలకోసారి పాస్‌వర్డు మర్చిపోయి వస్తారు.
మరిగే ఇనుము బానను ముప్పై ఏళ్లు
చుక్క ఒలక్కుండా తిప్పిన చేతులు
ఆరు చుక్కల ముందు వణుకుతాయి.
"పుట్టినరోజు పెట్టకండి, చీటీ రాసి కవర్లో దాచకండి.
మీకొక్కరికే తెలిసిన అబద్ధమేదైనా ఉంటే
అది పెట్టండి" అన్నాను, నవ్వుతారని.
నవ్వలేదు.
మళ్లీ నెల రాలేదు.

వేట నిషేధం ఎత్తేసిన వారానికి
ఫిషింగ్ హార్బరు నుంచి ఎల్లాజీ వచ్చాడు,
సోలెడు బియ్యంలో పాతిపెట్టిన ఫోన్‌తో.
(బియ్యం వద్దని ఎన్నిసార్లు చెప్పను?
ఉప్పునీళ్లలో పడితే ఆపేయండి,
మంచినీళ్లతో కడగండి, ఛార్జింగ్ జోలికి పోకండి,
తిన్నగా పట్టుకురండి. బియ్యం వండుకోండి.)

"ఫోటోలు పోతే పోనీ. నంబర్లు పోతే పోనీ.
పాయింట్లు కావాల" అన్నాడు.

బోర్డు విప్పి, పచ్చటి చిలుము గీకి,
రెండు రోజులు వంగి కూచుంటే
మూడో రోజు మధ్యాహ్నం స్క్రీన్ వెలిగింది.
మ్యాపు తెరుచుకుంది.
ఊరు లేదు, రోడ్డు లేదు,
నీలం మీద నలభై మూడు చుక్కలు,
ఒక్కోదానికీ ఒక పేరు:
అయ్య చూపింది.
వల చిరిగింది.
వంజరం, మబ్బు రోజు.
మళ్లీ ఎల్లకు.
ఎవులికీ సెప్పకు.

పక్క కొట్టు కుర్రాడు తొంగి చూస్తే
ఫోన్ బోర్లా పెట్టాను.
ఈ పనిలో సగం విప్పడం,
మిగతా సగం చూడనట్టు ఉండడం.

చుక్కలన్నీ మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చి
"రెండు చోట్ల ఉంచు. ఒకటి పడవలో, ఒకటి ఒడ్డున" అన్నాను.
బ్యాకప్ అంటే ఇంతకంటే సులువుగా చెప్పడం నాకు రాదు.
ఎల్లాజీ కార్డును గోరు మీద పెట్టుకుని ఆలోచించాడు.
ఒడ్డునంటే ఇల్లు.
ఇంట్లో ఇంకో పడవున్న బావమరిది.
"నీకాడే ఉండనీ పాపా" అన్నాడు.

అది నా సొరుగులో,
జండూబామ్ డబ్బాలో, చిన్న స్క్రూల కింద ఉంది.
దాని ఇంకో నకలు ఈ కంప్యూటర్లో ఉంది.
దీనికి నెట్ ఎందుకు పెట్టించవు,
అప్‌డేట్ ఎందుకు చేయవు అని
వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు.
పాతదండీ, తట్టుకోలేదు, అంటాను.